గాలికి 3000 ఏళ్ళు, మరుగుదొడ్డికి మూడు గంటలు

ఐక్ తుఫాను టెక్సస్ తీరాన్ని తాకింది 2008 సెప్టెంబరు 13న, తెల్లవారుజామున రెండు దాటాక. ఆ రాత్రి నేను సముద్రానికి కాస్త ఎడంగా ఉన్న ఒక కౌంటీ ఎమర్జెన్సీ ఆపరేషన్స్ సెంటర్‌లో ఉన్నాను. కౌంటీ అంటే మన జిల్లా లాంటిది. దాని పేరు చెప్పను. అక్కడివాళ్ళు మంచివాళ్ళు, ఇప్పటికీ నాకు ఫోన్ చేస్తారు. నేను స్ట్రక్చరల్ ఇంజనీరుని. గాలి తగ్గగానే ఏ స్కూలు తెరవొచ్చు, ఏ వంతెన మీద అంబులెన్సుని పోనివ్వొచ్చు అని చూసి చెప్పడానికి నన్నూ మరో ఇద్దరినీ ముందురోజే పిలిపించి కూర్చోబెట్టారు.

భవనం బ్రహ్మాండంగా నిలబడింది. కప్పు కదల్లేదు. కిటికీల షట్టర్లు రాత్రంతా దడదడలాడాయి గానీ ఒక్కటీ ఊడలేదు. కరెంటు పోయిన పది సెకన్లలోపే జనరేటరు అందుకుంది. దీపాలు ఒక్కసారి ఆరి మళ్ళీ వెలిగాయి. అందరం చప్పట్లు కొట్టాం. కొట్టిన మూడు గంటలకి మరుగుదొడ్లు ఆగిపోయాయి.

కారణం చాలా మామూలుది. ఆ పేట మురుగునీటిని ఎత్తిపోసే పంపు, అక్కడ లిఫ్ట్ స్టేషన్ అంటారు, రెండు వీధుల అవతల ఉంది. దానికి జనరేటరు లేదు. అక్కడ కరెంటు పోతే ఇక్కడి గొట్టాల్లో నీళ్ళు కదలవు. పాతికమందికని కట్టిన భవనంలో అరవైమందిమి ఉన్నాం. ఐదు దాటాక ఆడవాళ్ళ బాత్‌రూమ్‌లో నేల మీది జాలీలోంచి నీళ్ళు పైకి రావడం మొదలైంది. కోఆర్డినేటరు ఒకప్పుడు ఫైర్ కెప్టెన్. ఆయన ఒక్క మాటా మాట్లాడకుండా బాత్‌రూమ్ తలుపులకి డక్ట్ టేప్ అంటించి, ఐదు గ్యాలన్ల ప్లాస్టిక్ బకెట్లలో చెత్త సంచులు వేసి, మెట్ల కింద మూడు పెట్టాడు. దుప్పటి ఒకటి అడ్డంగా కట్టాడు.

మధ్యాహ్నానికి గది పల్చబడింది. "ఒకసారి ఇంటికెళ్ళి చూసుకొస్తాను" అని బయల్దేరినవాళ్ళలో సగం మంది చీకటి పడితే గాని తిరిగి రాలేదు. దారంతా చెట్లు పడి ఉన్నాయి మరి. స్కూలు బస్సుల ఆయన వెళ్ళాడు, నీటి సరఫరా చూసే ఆవిడ వెళ్ళింది. ఒక వృద్ధాశ్రమంలో ఆక్సిజన్ అయిపోవస్తోంది, మనుషుల్ని తరలించాలి అని కబురొచ్చినప్పుడు, ఏ డ్రైవరు ఊళ్ళో ఉన్నాడో, ఏ బస్సులో డీజిలుందో తెలిసిన మనిషి ఆ గదిలో లేడు. ఆయన్ని వెతికి పట్టుకోవడానికి గంటన్నర పట్టింది.

ఆ భవనం ప్లానుల్లో మురుగునీటికి సొంత ట్యాంకు ఉండేదని నాకు తర్వాత తెలిసింది. డబ్బు చాలక తీసేశారట. అదే ప్రాజెక్టులో గోడ నిండా పరిచిన వీడియో తెరలు మాత్రం తీయలేదు.

అప్పట్నుంచి ఇలాంటి భవనాల డ్రాయింగులు చాలా చూశాను. కొన్ని నేనే గీశాను. నాకు కుదిరిన అభిప్రాయం ఒక్కటే: మనం వీటికి డబ్బిచ్చే పద్ధతే వీటి డిజైన్‌ని పాడుచేస్తోంది. ఇంజనీర్లకి తెలియక కాదు, కౌంటీలకి శ్రద్ధ లేకా కాదు. డబ్బు ఏ దారిన వస్తుందో భవనం ఆ రూపం తీసుకుంటోంది.

ముందు అసలు ఇదేంటో చెప్పాలి, ఎందుకంటే చాలామంది ఈఓసీ (ఎమర్జెన్సీ ఆపరేషన్స్ సెంటర్) అంటే జనం తలదాచుకునే షెల్టర్ అనుకుంటారు, లేకపోతే 911 ఫోన్లు ఎత్తే చోటు అనుకుంటారు. రెండూ కాదు. అదొక గది. మామూలు రోజుల్లో ఒకరి మొహం ఒకరు చూసుకోని శాఖలన్నీ తుఫాను నాడు ఒకే బల్ల చుట్టూ కూర్చునే గది. షెరిఫ్, అగ్నిమాపకదళం, కరెంటు కంపెనీ మనిషి, స్కూళ్ళవాళ్ళు, ఆస్పత్రుల తరఫున ఒకరు, రెడ్ క్రాస్ తరఫున ఒకరు. టెక్సస్‌లో దీనికి పెద్దదిక్కు కౌంటీ జడ్జి. పేరుకి జడ్జి గానీ జనం ఎన్నుకున్న పాలనాధికారి, చట్టప్రకారం కౌంటీ ఎమర్జెన్సీ మేనేజ్‌మెంట్‌కి డైరెక్టరు. లూసియానాలో ఆ పని పారిష్ ప్రెసిడెంటుది, అక్కడ కౌంటీని పారిష్ అంటారు. ఫ్లోరిడాలో పెద్ద కౌంటీలకి పూర్తికాలపు డైరెక్టర్లుంటారు. 1992లో ఆండ్రూ తుఫాను తర్వాత డేడ్ కౌంటీ డైరెక్టరు కేట్ హేల్ విలేకరుల ముందు నిలబడి "సాయానికొస్తామన్న సైన్యం ఎక్కడ చచ్చింది?" అన్న అర్థం వచ్చేలా అరిచింది చూడండి, ఆవిడ కూర్చునేది అలాంటి గదిలోనే. ఆ అరుపుకి వాషింగ్టన్ కదిలింది. గది, గొంతు, ఫోను మూడూ ఉన్నాయి కాబట్టి కదిలింది.

గది పోతే ఏమవుతుందో 2005 ఆగస్టు 29న మిసిసిపీలోని హాంకాక్ కౌంటీ చూసింది. కత్రినా ఉప్పెన ఆ తీరంలో ఎంత ఎత్తున వచ్చిందంటే, పక్క కౌంటీలోని పాస్ క్రిస్టియన్ దగ్గర 27.8 అడుగులుగా కొలిచారు. హాంకాక్ ఈఓసీలోకి నీళ్ళొచ్చాయి. లోపలున్న 35 మందీ చేతుల మీద మార్కరుతో అంకెలు రాసుకున్నారు. శవాలు దొరికితే ఎవరెవరో పోల్చుకోవడానికి. చివరికి అందరూ ఈదుకుంటూ బయటపడ్డారు. కౌంటీని కాపాడాల్సిన 35 మంది ఆ పూట తమని తాము కాపాడుకోవడంలో ఉన్నారు. ఆ రోజే న్యూ ఆర్లీన్స్‌లో మేయరు బృందం ఒక హోటల్లో బయటి ప్రపంచంతో మాట కలపలేక చిక్కుకుపోయింది. అంతకు నాలుగేళ్ళ ముందు న్యూయార్క్ నగరం తన ఈఓసీని వరల్డ్ ట్రేడ్ సెంటర్ 7వ నంబరు భవనంలో, 23వ అంతస్తులో పెట్టుకుని, 2001 సెప్టెంబరు 11న, సరిగ్గా దాని అవసరం పడ్డ రోజునే దాన్ని ఖాళీ చేసి వీధిలోకి రావాల్సి వచ్చింది. అది తుఫాను కథ కాదు గానీ, చోటు ఎంచుకోవడం గురించి అంతకంటే పెద్ద పాఠం నాకు దొరకలేదు.

చోటు గురించే ఇంకాస్త మాట్లాడాలి. గాలికి, నీటికి మన భవన నిర్మాణ కోడ్‌లు వేసే లెక్కల్లో ఉన్న తేడా చెబితే నమ్మరు.

ఏఎస్‌సీఈ 7 అనే ప్రమాణం (అమెరికా సివిల్ ఇంజనీర్ల సంఘం రాసేది) భవనాలని నాలుగు రిస్క్ కేటగిరీలుగా విడగొడుతుంది. మామూలు ఇల్లు రెండోది. ఈఓసీ, ఫైర్ స్టేషను, పెద్ద ఆస్పత్రి నాలుగోవి. రెండో కేటగిరీకి సగటున 700 ఏళ్ళకోసారి వచ్చే గాలికి డిజైన్ చేస్తాం, నాలుగోదానికి 3000 ఏళ్ళకోసారి వచ్చే గాలికి. ఆ గాలి 50 ఏళ్ళ భవనం జీవితకాలంలో వచ్చే అవకాశం లెక్కేస్తే 700 ఏళ్ళ గాలికి 7 శాతం, 3000 ఏళ్ళ గాలికి 2 శాతం కన్నా తక్కువ. మయామీ-డేడ్‌లో ఇది గంటకు 175 మైళ్ళు, 195 మైళ్ళుగా తేలుతుంది. గాలి ఒత్తిడి వేగానికి వర్గంగా పెరుగుతుంది కాబట్టి ఆ 20 మైళ్ళ తేడాకి గోడ మీద బరువు 24 శాతం ఎక్కువ. బాగానే ఉంది.

ఇప్పుడు నీళ్ళు చూద్దాం. వరదకి మేం వాడుతూ వచ్చిన ఏఎస్‌సీఈ 24 ప్రమాణం ఈ తరహా భవనాన్ని 500 ఏళ్ళ వరద మట్టానికో, ఫెమా (ఫెడరల్ ప్రభుత్వ విపత్తుల సంస్థ) మ్యాపులోని 100 ఏళ్ళ మట్టానికి రెండడుగుల పైనో, ఏది ఎత్తయితే అక్కడ పెట్టమంటుంది. 500 ఏళ్ళ వరద 50 ఏళ్ళలో ఒక్కసారైనా వచ్చే అవకాశం 9.5 శాతం. అంటే ఒకే భవనానికి గాలి వల్ల 2 శాతం లోపు భయం, నీటి వల్ల దాదాపు 10 శాతం భయం. గొళ్ళెం, గడియ, తాళం అన్నీ ముందు తలుపుకే వేసి పెరటి తలుపు తీసిపెట్టినట్టు. 2023లో ఏఎస్‌సీఈ 7-22కి తెచ్చిన అనుబంధం ఈ కేటగిరీకి వరదని 1000 ఏళ్ళకి మార్చింది. మంచిదే. కానీ అది కౌంటీల కోడ్‌ల దాకా దిగాలి, దిగేలోపు ఎన్ని భవనాలు పాత లెక్కతో లేస్తాయో.

ప్రభుత్వ డబ్బుతో కట్టే భవనాలని ఇంకా ఎత్తున పెట్టమనే ఫెడరల్ వరద ప్రమాణం ఒకటుంది. దాని కథ మరీ చిత్రం. 2015లో వచ్చింది, 2017లో పోయింది, 2021లో మళ్ళీ వచ్చింది, 2025లో మళ్ళీ పోయింది. అర్ధశతాబ్దం నిలవాల్సిన కట్టడానికి పదేళ్ళలో నాలుగుసార్లు మారే నియమం.

అయినా ఎత్తు నియమాలు అన్నీ చోటు ఖరారయ్యాక వచ్చే గొడవ. చోటు ఎలా ఖరారవుతుంది? చాలా చిన్న కౌంటీల్లో స్థలం కొనడానికి డబ్బుండదు. కోర్టుహౌస్ వెనక కౌంటీదే పార్కింగ్ స్థలం ఉంటుంది. గ్రాంటు గడువు దగ్గర పడుతుంది. దరఖాస్తులో "స్థలం సిద్ధంగా ఉంది" అన్న గడి నింపాలి. అయిపోయింది. కోర్టుహౌస్‌లు నూరేళ్ళ కిందట ఓడలొచ్చే నీళ్ళ పక్కనే కట్టుకున్నవి. ఉప్పెన ఎంతదాకా వస్తుందో చూపే స్లాష్ మోడల్ మ్యాపులు అందరికీ ఉచితంగా దొరుకుతాయి. తుఫాను తీవ్రతకీ ఒకటి నుంచి ఐదు దాకా కేటగిరీలుంటాయి, భవనాల రిస్క్ కేటగిరీలు వేరు. మూడో కేటగిరీ తుఫానుకే నీళ్ళొచ్చే చోట ఐదో కేటగిరీ గాలికి తట్టుకునే గోడలు కట్టిన డ్రాయింగులు నా బల్ల మీదికి ఒకటికి రెండుసార్లు వచ్చాయి.

ఇంజనీర్లు తప్పు చేయరని నా ఉద్దేశం కాదు. మేం గాలి మోజులో పడిపోతాం. ఎందుకంటే గాలి పరీక్ష చూడ్డానికి బాగుంటుంది. నేను మొదటిసారి ల్యాబులో చూసినప్పుడు చిన్నపిల్లాడిలా నోరు తెరుచుకుని నిలబడ్డాను. తొమ్మిది పౌండ్ల బరువున్న రెండు-బై-నాలుగు చెక్కదూలాన్ని గొట్టంలోకి ఎక్కించి, గాలి ఒత్తిడితో కిటికీ మీదికి వదులుతారు. మామూలు భవనాలకి సెకనుకి 50 అడుగుల వేగం. ఈఓసీ లాంటివాటికి 80 అడుగులు, అంటే దెబ్బలో శక్తి రెండున్నర రెట్లు. ముందు డబ్బాలో బాంబు పేల్చిన చప్పుడు, తర్వాత గాజు గలగల. అద్దం పగలొచ్చు, సాలెగూడులా పగిలి తెల్లబడొచ్చు, కానీ చిల్లు పడకూడదు. ఆ పగిలిన అద్దాన్నే అటూ ఇటూ 9000 సార్లు గాలి ఒత్తిడితో ఊపుతారు. అప్పటికీ ఫ్రేములోనే ఉండాలి. ఇంత కష్టం ఎందుకంటే, ఒక్క కిటికీ పోతే గాలి లోపలికి దూరి కప్పుని కింద నుంచి తంతుంది. పైనుంచి గాలి పీకుతుంది, లోపల్నుంచి తంతుంది. కప్పులు లేచిపోయేది అలాగే.

ఆ పరీక్ష నెగ్గిన కిటికీ బిగించి అందరం హాయిగా నిద్రపోతాం. ఆ కిటికీకి ముప్పై అడుగుల పైన, కప్పు మీద, నాలుగు స్క్రూలతో నిలబెట్టిన ఏసీ యూనిట్ ఉంటుంది. తుఫానులో అది పక్కకి దొర్లిందంటే దాని కింద ఉన్న గొట్టపు కంత అలాగే తెరుచుకుని ఉంటుంది. వాన నేరుగా కంప్యూటర్ల మీద పడుతుంది. తుఫాను తర్వాత నేను ఎక్కిన కప్పుల్లో నిర్మాణం విరిగినవి చేతివేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. నీళ్ళు కారినవాటికి లెక్కలేదు. కాంక్రీటు స్లాబు వేసి, యంత్రాలని కప్పు మీంచి దించి, గోడల మధ్య ఒక గదిలో పెడితే ఈ బాధ పోతుంది. కానీ ఆ గదికి చదరపుటడుగులు కావాలి. చదరపుటడుగుకి ఇంత అని గ్రాంటు లెక్కగట్టేవాళ్ళకి అది "వాడకంలో లేని స్థలం".

జనరేటరు సంగతీ అంతే. 2012లో శాండీ తుఫానుకి మాన్‌హటన్‌లో ఒక పెద్ద ఆస్పత్రి జనరేటర్లు పదమూడో అంతస్తులో భద్రంగా ఉన్నాయి. వాటికి డీజిలు తోసే పంపులు నేలమాళిగలో మునిగిపోయాయి. సిబ్బంది వరస కట్టి డబ్బాల్లో డీజిలు మెట్ల మీదుగా మోశారు. గొలుసులో బలహీనమైన లంకె ఎప్పుడూ ఎవరూ ఫొటో తీయని చోటే ఉంటుంది: పంపు, వాల్వు, ట్యాంకు, సెప్టిక్ గొట్టం, ఫైబరు కేబులు భవనంలోకి దూరే ఆ ఒక్క కంత. రెండు కంపెనీల ఫైబరు తీసుకున్నాం అని ధీమాగా చెప్పిన ఒక కౌంటీలో, ఆ రెండూ ఒకే కందకంలో పక్కపక్కనే పడుకుని ఉన్నాయని తవ్వితే తేలింది. రేడియో టవరు విరిగి తమ కప్పు మీదే పడేంత దగ్గరగా కట్టుకున్నవాళ్ళనీ చూశాను.

డబ్బు కథ ఇక్కడే మొదలవుతుంది.

ఈఓసీల కోసమే ఫెమాలో ఒక గ్రాంటుంది. 2008లో మొదలైంది. తొలి ఏళ్ళలో కొత్త భవనానికి గరిష్ఠం పది లక్షల డాలర్లు, పాతదాన్ని బాగుచేయడానికి రెండున్నర లక్షలు. 2011 తర్వాత పదేళ్ళు దానికి డబ్బే లేదు. 2022లో మళ్ళీ తెరిచారు, ఆ ఏడు దాదాపు 4.9 కోట్ల డాలర్లు, 2024కి 10 కోట్లు దాటింది. వినడానికి బాగుంది. అయితే తెరిచిన తర్వాత అది ఎవరైనా దరఖాస్తు పెట్టుకునే పోటీ కాదు. మీ కాంగ్రెస్ సభ్యుడో సెనేటరో మీ ప్రాజెక్టుని పేరు పెట్టి చట్టంలోకి ఎక్కిస్తేనే వస్తుంది. ఉప్పెన ఎక్కువొచ్చే కౌంటీ ఏదో కాదు, డబ్బు కేటాయించే అప్రాప్రియేషన్స్ కమిటీలో పలుకుబడి ఎవరిదో చూసి గోడలు లేస్తాయి. పైగా నాయకుడు రిబ్బను కత్తిరించాలి, ఫొటో దిగాలి. మురుగు ట్యాంకు పక్కన నిలబడి ఎవరు ఫొటో దిగుతారు?

రెండో దారి తుఫాను తర్వాత వచ్చే డబ్బు: స్టాఫర్డ్ చట్టం 404 సెక్షను కింద హజార్డ్ మిటిగేషన్ గ్రాంట్ ప్రోగ్రామ్. మునిగితేనే వస్తుంది. తుఫానుకి ముందే ఇవ్వడానికి 2018 చట్టంతో పుట్టిన బ్రిక్ అనే పథకాన్ని ఆపేస్తున్నామని 2025 ఏప్రిల్‌లో ఫెమా ప్రకటించింది, రాష్ట్రాలు కోర్టుకెక్కాయి. ఈ గొడవల మధ్య అయిదేళ్ళ ప్రణాళిక వేసుకోమని ఒక చిన్న కౌంటీకి చెప్పడానికి నాకు నోరు రావడంలేదు.

ఈ పథకాల్లో ఒక లెక్క ఉంటుంది. పెట్టే ప్రతి డాలరుకీ కనీసం ఒక డాలరు లాభం చూపాలి. మంచి నియమమే, ఎవరు కాదంటారు? చిక్కల్లా డిస్కౌంట్ రేటుతో, అంటే రేపటి డాలరుని ఈ రోజు విలువకి తగ్గించే రేటుతో. చాలా ఏళ్ళు అది 7 శాతం. ముప్పై ఏళ్ళ తర్వాత ఆదా అయ్యే 100 డాలర్లు 7 శాతం లెక్కన ఈ రోజు 13 డాలర్లు. 3 శాతం లెక్కన 41. యాభై ఏళ్ళకైతే 7 శాతం లెక్కన సుమారు 3.40 డాలర్లు, 3 శాతం లెక్కన దాదాపు 23 డాలర్లు. ఎప్పుడో ఒకసారి వచ్చే పెద్ద తుఫానుకోసం కట్టే భవనం మీద 7 శాతం రేటు పెట్టడమంటే, ముందే ఓడిపోయేలా పందెం కట్టడం. 2024 నాటికి ఫెమా ఆ రేటుని 3 శాతం చుట్టూకి తగ్గించింది. కానీ ఆ లోపల ఎన్ని దరఖాస్తులు 0.8 దగ్గర ఆగి చెత్తబుట్టలోకి వెళ్ళాయో. ఇంకా మూలమైన చిక్కు వేరే ఉంది. ఆ లెక్క ప్రధానంగా భవనానికి జరగని నష్టాన్ని కొలుస్తుంది. బస్సుల ఆయన గదిలోనే ఉండటం వల్ల గంటన్నర ముందు తరలిన వృద్ధుల్ని ఏ గడిలో రాయాలి?

ఆ పైన మ్యాచ్, అంటే కౌంటీ తన జేబులోంచి పెట్టాల్సిన వాటా. నూటికి 75 ఫెడరల్ ప్రభుత్వం, 25 కౌంటీ. పది లక్షల జనాభా ఉన్న కౌంటీకి 25 శాతం చిల్లర. తుఫానుకి పన్ను కట్టే ఇళ్ళలో సగం కొట్టుకుపోయిన కౌంటీకి అది కొండ. అది కూడా ముందు తానే ఖర్చుపెట్టి, బిల్లులు పంపి, తర్వాత వెనక్కి తెచ్చుకోవాలి. బాండ్లు అమ్మాలంటే ఓటర్లు ఒప్పుకోవాలి. టెక్సస్‌లో ఓటు లేకుండా సర్టిఫికెట్స్ ఆఫ్ ఆబ్లిగేషన్ అనే అప్పుపత్రాలు జారీ చేయొచ్చు గానీ ఐదు శాతం ఓటర్లు సంతకాలు పెడితే అదీ ఎన్నికకే వెళ్తుంది. దరఖాస్తు రాయడానికి పెద్ద కౌంటీలో ఒక విభాగమే ఉంటుంది. చిన్న కౌంటీలో ఎమర్జెన్సీ కోఆర్డినేటరే ఫైర్ మార్షలు, ఆయనే వరద మ్యాపుల ఆఫీసరు, కొన్నిచోట్ల కుక్కల్ని పట్టే విభాగమూ ఆయన కిందే.

"ఇంత తతంగం ఎందుకు, ల్యాప్‌టాపులు, ఉపగ్రహ ఇంటర్నెట్ ఉన్నాయిగా, ఇంట్లోంచే నడపొచ్చు" అనేవాళ్ళున్నారు. కోవిడ్ తర్వాత ఈ మాట గట్టిగా వినిపిస్తోంది. నేను దాన్ని కొట్టిపారేయను. ముందు మూడు రోజుల సన్నాహం నిజంగానే ఇంట్లోంచి చేయొచ్చు. కానీ 2018 అక్టోబరు 10న మైకేల్ ఐదో కేటగిరీ తుఫానుగా ఫ్లోరిడాలో మెక్సికో బీచ్ దగ్గర తీరం దాటాక బే కౌంటీలో సెల్‌ఫోన్లు రోజుల తరబడి మూగబోయాయి. అలాంటప్పుడు పక్క కుర్చీలో కూర్చున్న మనిషిని భుజం తట్టి పిలవడం ఒక్కటే పనిచేసే నెట్‌వర్క్.

"భవనాలకి కాదు, మనుషులకి డబ్బివ్వండి" అన్నది దీనికంటే గట్టి వాదన. దానికి నేను తలొగ్గుతాను. సగంరోజు జీతం ఇచ్చే ఒక్క కోఆర్డినేటరు ఉన్న కౌంటీకి కోటి డాలర్ల గది కట్టివ్వడం, వంటవాడు లేని ఇంటికి పెద్ద వంటిల్లు కట్టినట్టే. ఎమర్జెన్సీ సిబ్బంది జీతాలకి ఫెమా ఇచ్చే ఈఎంపీజీ గ్రాంటులో కౌంటీ వాటా 50 శాతం, అంటే గోడలకి ఇచ్చేదానికన్నా మనుషులకి ఇచ్చేదాంట్లోనే షరతు కఠినం. ఇది తలకిందులుగా ఉండాలి.

నా చేతిలో ఉంటే ఏం చేస్తానంటే, గ్రాంటులో భవనం కాదు, గంటలు కొంటాను. అరవైమంది, 96 గంటలు, బయటి నుంచి కరెంటు, నీళ్ళు, మురుగు, ఇంటర్నెట్ ఏదీ లేకుండా. చివరి విడత డబ్బు చెల్లించేముందు ఒక శుక్రవారం సాయంత్రం మెయిన్ బ్రేకరు దించి, వీధి వాల్వులు కట్టేసి, ఫైబరు పీకి, మంగళవారం సాయంత్రం దాకా అక్కడే పనిచేసి చూపించమంటాను. గోడలెంత మందం అన్నది కోడ్ చూసుకుంటుంది. స్థలం కొనే ఖర్చుని గ్రాంటులో కలిపి, స్లాష్ మ్యాపులో ఐదో కేటగిరీకీ పొడిగా ఉండే చోటికి మాత్రమే డబ్బిస్తాను. మ్యాచ్‌ని కౌంటీ పన్నుల స్తోమతని బట్టి తగ్గిస్తాను. ఇది కొత్త ఊహేం కాదు, బ్రిక్‌లోనే పేద చిన్న ఊళ్ళకి 90 శాతం దాకా ఫెడరల్ వాటా ఉండేది.

మూడు కౌంటీలు కలిసి లోపలెక్కడో ఒక్కటే కట్టుకోవచ్చు కదా అని నేనే ఒకప్పుడు వాదించేవాణ్ణి. ఒక కౌంటీ జడ్జి నన్ను తన పికప్‌లో కూర్చోబెట్టుకుని, తుఫానుకి కొట్టుకుపోయిన వీధులు తిప్పి, చివరికి అన్నాడు: "అరవై మైళ్ళ అవతల కూర్చుని వీళ్ళకి ఏం మొహంతో ఇళ్ళు ఖాళీ చేయమని చెప్పను?" జవాబు దొరకలేదు. ఇప్పుడు నా మాట మారింది: అసలు గది ఇక్కడ, పొడి నేల మీద, చిన్నదైనా సరే. రెండో గది పొరుగు కౌంటీవాళ్ళ దగ్గర, ఒప్పందం రాసుకుని, ఏడాదికోసారి అక్కడికి వెళ్ళి కూర్చుని చూసుకోవాలి.

ఆ పికప్‌లో వెళ్తున్నప్పుడు నాకు లూసియానాలోని కామెరన్ పారిష్ కోర్టుహౌస్ గుర్తొచ్చింది. 1937లో కట్టిన కాంక్రీటు కట్టడం. 1957లో ఆడ్రీ తుఫాను 400 మందికి పైగా పొట్టన పెట్టుకుంటే, బతికినవాళ్ళలో చాలామంది దాని లోపల తలదాచుకున్నవాళ్ళే. 2005లో రీటాకి చుట్టూ ఊరు తుడిచిపెట్టుకుపోయింది, అది నిలబడింది. 2020లో నాలుగో కేటగిరీ లారా అక్కడే తీరం దాటింది, అప్పుడూ నిలబడింది. దాన్ని గీసినవాళ్ళ దగ్గర 3000 ఏళ్ళ గాలి మ్యాపు లేదు. కాంక్రీటుంది, మెట్లున్నాయి, పెద్ద గాజు గోడ లేదు. కానీ 1937లో జనరేటరు మీదా ఫైబరు మీదా ఆధారపడ్డ పని లేదు. ఇప్పుడది నిలబడినంత మాత్రాన అందులో కూర్చుని పారిష్‌ని నడపలేరు. అక్కడే మన పని ఉంది.

ఐక్ నాటి ఆ కౌంటీ వాళ్ళు కొన్నేళ్ళ తర్వాత కొత్త ఈఓసీకి డబ్బు కూడగట్టుకున్నారు. డ్రాయింగులు చూసిపెట్టమని నన్ను పిలిచారు. పాత ఫైర్ కెప్టెన్ రిటైరయ్యాడు గానీ మీటింగుకి వచ్చి వెనక వరసలో కూర్చున్నాడు. బిడ్ కాగితాల్లో "ఆల్టర్నేట్లు" అని ఒక జాబితా ఉంటుంది. డబ్బు మిగిలితే కలుపుతారు, చాలకపోతే వదిలేస్తారు. నాలుగో ఆల్టర్నేటుగా మురుగు ట్యాంకు ఉంది. వీడియో తెరలు మూల బిడ్‌లో ఉన్నాయి.

"ఈ రెండింటినీ అటూ ఇటూ మారిస్తే భవనానికి ఏమన్నా నష్టమా?" అని ఆర్కిటెక్టుని అడిగాను.

"ఏం లేదు. కానీ ప్రారంభోత్సవం నాడు..." అని ఆయన నసిగాడు.

వెనక వరసలోంచి దగ్గు వినిపించింది. "బకెట్లు ఇంకా మా ఇంట్లో ఉన్నాయి," అన్నాడు కెప్టెన్. "కావాలంటే ప్రారంభోత్సవానికి తెస్తాను."

ట్యాంకు మూల బిడ్‌లోకి వెళ్ళింది. ఊహించినట్టే ధరలు ఎక్కువొచ్చాయి, ఆల్టర్నేట్లు అన్నీ కొట్టేశారు, వీడియో తెరలతో సహా. సిబ్బందిలో ఒకతను దగ్గర్లోని దుకాణంలో నాలుగు మామూలు టీవీలు కొని గోడకి బిగించాడు. 2024 జులైలో బెరిల్ వచ్చి హ్యూస్టన్ చుట్టుపక్కల ఇరవై లక్షలకు పైగా కనెక్షన్లకి కరెంటు పోయినప్పుడు ఆ గది ఆరు రోజులు నడిచింది. తర్వాత ఫోన్ చేసి ఎలా ఉందని అడిగితే, మూడో టీవీకి రిమోటు పోయిందని చెప్పారు.